మృదంగ నాదానికి మూలమెక్కడ?

(కళింగపట్నంలో భజన బృందాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను వృత్తిచేత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి, అభిరుచిచేత మృదంగం పట్టినవాణ్ణి. స్వామికి వాద్యం సమర్పించదలచిన దాతలు "ఏ మృదంగం మంచిదండీ?" అని తరచు అడుగుతుంటారు. మంచి మృదంగం అంగడిలో ఎంచుకొని తెచ్చుకొనే వస్తువు కాదు. ఎవరి గానానికి, ఏ శ్రుతికి, ఏ చోటికి అన్నది ముందుగా తేల్చుకొని చేయించుకోవలసిన వస్తువు.

తటాకంలోని తామరాకులపై వాన చినుకులు పడగా పుట్టిన వివిధ ధ్వనులను విని స్వాతి మహర్షి చర్మవాద్యాలను భావించాడని భరతముని నాట్యశాస్త్రం చెబుతోంది. చిన్న ఆకు ఒక విధంగా, పెద్ద ఆకు మరొక విధంగా పలికాయి. వాద్య నిర్మాణ రహస్యమంతా ఆ కథలోనే ఇమిడి ఉంది. చర్మం వైశాల్యం, దాని బిగువు, దాని బరువు, ఈ మూడే స్థాయిని నిర్ణయిస్తాయి. తక్కినవి సమానంగా ఉంటే, మూత వ్యాసం సగమైనప్పుడు స్థాయి రెట్టింపవుతుంది. అదే బిగువుతో రెట్టింపు చేయాలంటే నాలుగింతలు బిగించాలి. అందుచేతనే పెద్ద మృదంగాన్ని బలవంతంగా హెచ్చు శ్రుతికి లాగరాదు. చర్మం తెగుతుంది, నాదమూ నొక్కుకుపోతుంది.

కనుక దాతలు మొదట విచారించవలసినది, మీ ఆలయంలో పాడేవారు ఎవరు అని. పురుషులు ఒకటో శ్రుతి, రెండో శ్రుతి ప్రాంతంలో పాడితే సుమారు 24 అంగుళాల పొడవు గల తగ్గు శ్రుతి మృదంగం కావాలి. స్త్రీలు అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడితే సుమారు 22 అంగుళాలది తగినది. ఈ ఒక్క విషయం అడగకుండా కొన్న వాద్యాలు ఎన్నో ఆలయాలలో గుడ్డ కప్పుకొని మూల కూర్చుంటున్నాయి.

ఇక కట్టె. పూర్వం మట్టితో చేసినందువల్లనే దీనికి మృదంగమని పేరు. నేడు బాగా ఆరిన పనస మానును తొలిచి చేస్తారు. మన ఉద్దానంలో పనసకు కొదవ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను నేలకూల్చినప్పుడు మనమెంత దుఃఖించామో మీకు తెలుసు. పనస కట్టె గట్టిది, చెదకు లొంగదు. పాత్ర గట్టిగా ఉంటేనే దెబ్బలోని శక్తి కట్టెలో వృథా కాక చర్మంలో నిలుస్తుంది. లోపలి గాలి రెండు మూతలను కలుపుతుంది. అందుకే కుడి మూతను మీటితే ఎడమ మూత కూడా స్పందిస్తుంది.

కుడి మూతలో మూడు పొరల తోలు ఉంటుంది. నడుమ నల్లగా కనిపించేది కరణి. ఇనుప పాలు గల నల్లరాతి పొడిని అన్నపు ముద్దతో కలిపి, పలుచని పొరలుగా పెడుతూ, ఒక్కొక్క పొరను నునుపురాతితో రుద్దుతారు. రుద్దడంతో అందులో కంటికి ఆనని సన్నని బీటలు ఏర్పడతాయి. ఆ బీటలున్నందువల్లనే అంత బరువున్నా కరణి చర్మంతోపాటు వంగగలుగుతుంది.

కరణి ఎందుకు? కరణి లేని చర్మం మోగినప్పుడు మూలస్వరాన్ని 100 అనుకుంటే, పైన 159, 214, 230 అంటూ పొంతన లేని ధ్వనులు పుడతాయి. అందులో లయ ఉంటుంది గాని స్వరం నిలవదు. నడుమ బరువు చేర్చి, అంచున తోలు చుట్టు వేస్తే ఆ ధ్వనులు 1, 2, 3, 4, 5 నిష్పత్తులకు సర్దుకుంటాయి. తీగ వాద్యంలో ఉండే క్రమం చర్మానికి వస్తుంది. దీనిని శాస్త్రీయంగా నిరూపించినవారు సర్ సి.వి. రామన్. ఆయన బాల్యం మనకు సమీపంలోని విశాఖపట్నంలోనే గడిచింది, తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి రామన్ 'నేచర్' పత్రికలో ఈ విషయం ప్రకటించారు. 1934లో మరింత వివరంగా రాశారు. చర్మంపై సన్నని ఇసుక చల్లి, కదలని రేఖల వెంట అది పోగైన తీరును పరిశీలించి, తొమ్మిది కంపన రీతులు ఐదు స్వరస్థానాలలో ఒదుగుతున్నాయని చూపారు. అయితే అప్పటికి ఎన్నో తరాల ముందే, గణితం ఎరుగని చేతులు చెవినే ప్రమాణంగా చేసుకొని ఈ ఫలితాన్ని సాధించాయి.

ఎడమ మూతకు వాయించే ముందు రవ్వ ముద్ద అంటిస్తాము. ఆ బరువుతో గంభీరమైన మంద్రం వస్తుంది. నాట్యశాస్త్రం నదీతీరపు నల్లమన్నును పూయమని, అది దొరకనప్పుడు పిండిని వాడమని చెప్పింది. అంటే రవ్వ ముద్ద వెనుక అంత ప్రాచీన సంప్రదాయం ఉందన్నమాట.

ఈ తీరానికి ప్రత్యేకమైన కష్టం ఒకటి ఉంది. సముద్రపు చెమ్మగాలిని చర్మం పీల్చుకొని బరువెక్కి సడలుతుంది. పగలు సరిచేసిన శ్రుతి రాత్రి సేవకు దిగిపోతుంది. అంచున 16 చోట్లా పుల్ల, రాయి పెట్టి సమంగా తట్టి మళ్ళీ సరిచేయాలి. వాద్యాన్ని గోడకు ఆనించక ఒరలో పెట్టి పొడిచోట ఉంచాలి. మన పల్లెలలో తప్పెటగుళ్ళు ఆడే గొల్ల సోదరులు రొమ్మున కట్టుకొనే తప్పెటకు కరణి లేదు. స్వరం నిలవని ఆ పొడి ధ్వనే వారి వేగమైన అడుగుకు అనువైనది. ఏ వాద్యమూ తక్కువది కాదు, దేని పని దానిది.

చెమ్మకు చలించని కృత్రిమపు మూతలు వచ్చాయి. ఊరేగింపులో, వానలో వాటి ఉపయోగాన్ని నేను కాదనను. మీట నొక్కితే గంట, నగారా కలిసి మోగే విద్యుత్ యంత్రాలూ ఆలయాలకు వచ్చాయి. వాయించేవారు లేనిచోట అవి అవసరం తీరుస్తున్నాయి. అయితే యంత్రం వినలేదు. పాడే ముసలమ్మ గొంతు తడబడితే మృదంగం ఒక్క క్షణం ఆగి ఆమెను కలుపుకొని వెళుతుంది. యంత్రం ఆమెను వదిలి ముందుకు పోతుంది.

చివరగా, మనసులో చాలాకాలంగా ఉన్న మాట. ఆవు, మేక, గేదె తోళ్ళు లేనిదే మృదంగం లేదు. ఆ తోలును శుభ్రపరచి, కోసి, వార్లు లాగి బిగించే పని చేతులను కాయలు కాయించే పని. ఆ చేతులను ఆలయద్వారం వెలుపలే నిలిపి, అవి చేసిన నాదాన్ని మాత్రం స్వామి సన్నిధికి తెచ్చుకున్న కాలం మన చరిత్రలో ఉంది. పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు సంగీతప్రియులందరికీ తెలుసు. ఆయనకు వాద్యాలు సిద్ధం చేసిన తంజావూరు పర్లాందు పేరు ఎందరికి తెలుసు? మృదంగ నిర్మాతలను గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే గ్రంథం వెలువరించేదాకా మనలో చాలామందికి ఆ ప్రశ్నే తట్టలేదు.

దాతలకు నా విన్నపాలు మూడు. వాద్యానికి వెచ్చించే ద్రవ్యంలో కొంత భాగాన్ని మూతలు మార్పించడానికి, కరణి వేయించడానికి విడిగా ఉంచండి. చర్మం అరిగిపోయేది, కట్టె ఒక్కటే నిలిచేది. రెండవది, బేరమాడి తొందరపెట్టకండి. తోలు ఆరడానికి, కరణి కుదరడానికి దాని కాలం దానికి కావాలి. మూడవది, సమర్పణ దినాన దాత పేరుతోపాటు చేసినవారి పేరు కూడా చదవండి, వారిని మీ పక్కన కూర్చోబెట్టి తొలి ప్రసాదం వారి చేతికి అందించండి. నంది మృదంగం వాయిస్తుండగా పరమశివుడు నర్తించాడని విన్న మనకు, ఆ మృదంగానికి తోలు బిగించినవాడు కూడా ఆ సభలోనివాడేనని తోచకపోతే మన భక్తిలో ఏదో వెలితి ఉన్నట్లే.