కొండ యెక్కలేని డీజిలు కారు



చదును నేలపై ఎన్నడును బయటపడని జబ్బు అలిపిరి దాటిన పిమ్మట బయటపడుట కారు గలవారు పలువురు ఎరిగినదే. తిరుపతి నుండి రేణిగుంటకును, చిత్తూరు నుండి తిరుపతికిని ఆ కారు చక్కగానే నడచి యుండును. కొండ మొదలైన రెండు మూడు కిలోమీటర్లకే యాక్సిలరేటరు అడుగంట త్రొక్కినను వేగము రాదు. మూడవ గేరులో పోవలసిన బండి మొదటి గేరునకు దిగును. ఇంజను మాత్రము ఆగదు. మన మెకానిక్కులు దీనిని "పుల్లింగు లేదు" అని ఒక్క మాటలో తేల్చుదురు. 2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో డీజిలు ఇంజనుతో వచ్చిన స్విఫ్టు మున్నగునవి వెలువడి చాల కాలమైనది. ఆ తరపు కార్లు ఇప్పటికిని ఎన్నో కుటుంబములకు ఆధారము. ఏ కంపెనీదైనను, వయసు మీరిన టర్బో డీజిలునకు ఈ అలసట ఎప్పుడో ఒకప్పుడు రాగలదు.

అప్పుడు మొట్టమొదట వినబడు తీర్పు "టర్బో పోయినది" అని. కొత్త టర్బో వెల వేలలో నుండును. పాత కారు మొత్తము వెలలో అది చిన్న భాగమేమియు కాదు. చిత్తూరులో మే మెరిగిన ఒక కుటుంబము వారు ఆ తీర్పును నమ్మి టర్బో మార్పించిరి. వారము తిరుగకముందే పలమనేరు దారిలో మొగిలి ఘాటు నెక్కుచుండగా కారు మరల పూర్వము వలెనే మొరాయించెను. తుదకు వేరొకరు పరీక్షింపగా, వేడికి పగిలిన వ్రేలెడు రబ్బరు గొట్టము దొరకినది. దాని వెల ఇంటిల్లిపాది ఒక పూట తాగు కాఫీ ఖర్చును మించలేదు. టర్బో చెడదని మే మనుట లేదు. దానిని చివర అనుమానింపవలెను గాని మొదట కాదని మాత్రమే మా మనవి.

టర్బో అనునది కమ్మరి కొలిమి తిత్తి వంటిది. ఇంజను విడుచు వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొసనున్న చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి నెట్టును. నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగల ఆ ఇరుసు పలుచని నూనె పొరపై తేలుచుండును. ఆల్‌ఫ్రెడ్ బ్యూషి అను స్విట్జర్లాండు ఇంజనీరు ఈ పద్ధతికి 1905లోనే పేటెంటు పొందెను. అమ్మకమునకు వచ్చిన డీజిలు కారులో అది చేరుటకు 1978 వరకు పట్టినది.

తిత్తికి చిల్లి పడినచో కొలిమిలో ఎంత బొగ్గు వేసినను పొగయే గాని సెగ రాదు. టర్బో నుండి ఇంటర్‌కూలరునకును, అచ్చటి నుండి ఇంజనునకును పోవు లావుపాటి రబ్బరు గొట్టములు మన తిత్తి తోలు వంటివి. సంవత్సరముల తరబడి వేడియు, నూనె ఆవిరియు తగిలి అవి మెత్తబడి, కంటి కానని అడుగు భాగమున చీలును. చదును దారిలో ఇంజను పూర్తి బలముతో పనిలేదు గనుక గొట్టములో ఒత్తిడి స్వల్పము. చీలిక మూసికొనియే యుండును. కొండ యెక్కునప్పుడు టర్బో పూర్తిగా ఊదగా ఆ చీలిక నోరు తెరచును. తిరుపతి కంటె తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు. పైకి పోయిన కొలది బయటి గాలియు పలుచబడును. ఆరోగ్యముగా నున్న టర్బో ఈ లోటును చాలవరకు పూడ్చును. చిల్లి పడిన తిత్తి పూడ్చలేదు. కావుననే వర్క్‌షాపు ముందర నిలిపి ఇంజను రొద చేయించి "అంతయు బాగున్నది" అనుట మాకు పరీక్షగా తోచదు. లోపము ఏ బరువు మీద కనబడినదో ఆ బరువు మీదనే చూడవలెను.

ఇంతకును తగ్గినది ఇంజను బలమేనా? చుట్లు పెరుగుచుండగా వేగము పెరుగక, కాలిన వాసన వచ్చినచో జబ్బు క్లచ్చుది. ఒక చక్రము మాత్రము కాలిపోవుచున్నచో బ్రేకు పట్టి వదలుట లేదని అర్థము. ఈ రెంటిని తీసివేసిన పిమ్మట అద్దములో వెనుకకు చూడుడు.

దట్టమైన నల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది, గాలి చాలుట లేదు. చీలిన గొట్టము, వదులైన క్లిప్పు, దుమ్ముతో పూడిన ఎయిర్ ఫిల్టరు, మసి పట్టి తెరచుకొనియే యున్న ఈ.జి.ఆర్. వాల్వు, వీనిని చూడవలెను. మామిడి కాలములో దామలచెరువు చుట్టుపట్ల మట్టి బాటలలో తిరిగిన కారునకు ఫిల్టరు ఎంత త్వరగా పూడునో చెప్పనక్కరలేదు. గొట్టము చీలినచో యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు బుస్సుమను చప్పుడు వినబడును. ఇంజను ఆపి చల్లారిన తరువాత చేతితో తడిమినచో ఆ చోట నూనె జిడ్డు, దుమ్ము అంటుకొని యుండును.

పొగ లేకయే నీరసించినచో డీజిలు అందుట లేదని సాధారణముగా తలపవచ్చును. ఫిల్టరు పూడినచో బలము ఒక్కసారిగా గాక ఎక్కుకొలది తరుగును. పది నిమిషములు ఆపినచో కొంత తేరుకొని మరల తరుగును. ఐప్పసి, కార్తీక మాసముల వానలలో ట్యాంకులో నీరు చేరుటయు కలదు. ఫిల్టరు అడుగున నున్న మర విప్పి కొంచెము వదలి చూచినచో తెలియును. డీజిలు మూత తీసినప్పుడు గట్టిగా గాలి పీల్చుకొను చప్పుడై, ఆ వెంటనే బండి కోలుకొన్నచో, ట్యాంకు గాలి దారి మూసికొన్నదని గ్రహింపవలెను.

మూడవ రకము కంప్యూటరు గల ఇంజనులలోనిది. బలము దీపమార్పినట్లు ఒక్క క్షణములో పోవును. డాష్‌బోర్డుపై ఇంజను దీపము వెలుగును. తాళము త్రిప్పి ఆపి మరల ప్రారంభించినచో ఏమియు జరుగనట్లు పరుగిడును. టర్బో ఒత్తిడి తాను కోరినంత లేకున్నను, కోరినదానికి మించినను, ఇంజనును కాపాడుటకై కంప్యూటరు డీజిలు తగ్గించును. మసి పట్టి టర్బో రెక్కలు బిగిసినను ఇట్లే జరుగును. స్కానరు పెట్టి కోడు చదివించుట మంచిదే. కాని కోడు చెరిపివేయుట వైద్యము కాదు. దండోరా వేయువాని నోరు మూయించుట వంటిది.

పైన చెప్పిన వ్రేలెడు గొట్టము కథ కొంత మిగిలి యున్నది. అనేక డీజిలు కార్లలో ఒక వాక్యూమ్ పంపు కలదు. కొన్నిటిలో అది ఆల్టర్నేటరుతోను, కొన్నిటిలో కామ్‌షాఫ్టుతోను తిరుగును. టర్బో రెక్కలను కదలించు శూన్యమును, బ్రేకు బూస్టరునకు కావలసిన శూన్యమును ఆ పంపే ఇచ్చును. కావున ఎక్కునప్పుడు బలము తగ్గుటయే గాక బ్రేకు పెడలు కూడ రాయివలె గట్టిపడినచో అది వేరు వేరు జబ్బులు గాక ఒక్కటే కావచ్చును. అట్టి కారుతో, 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు మీదుగా, ఆ మలుపులలో కుటుంబముతో దిగుట సాహసము. కొండపైననే ఆపి చూపించుకొని, లేదా వేరొక బండిలో దిగవలెను. దిగుటకు కనీసము 40 నిమిషములు పట్టవలెనను నియమము పోలీసుల వేడుకకై పెట్టినది కాదు. ఆరోగ్యముగా నున్న కారునైనను ఎక్కిన గేరులోనే దింపుట పెద్దలు చెప్పిన మంచి పద్ధతి.

పాత అలవాటొకటి ఇప్పుడు ప్రాణాపాయము. అంబాసిడరు డీజిలు కాలమున మెకానిక్కులు ఇంజను తిరుగుచుండగనే ఇంజెక్టరు నట్లు ఒక్కొక్కటి వదులు చేసి ఏ సిలిండరు పనిచేయుట లేదో కనుగొనెడివారు. అది ఆనాటికి చమత్కారమైన పరీక్షయే. నేటి కామన్ రెయిలు ఇంజనులో డీజిలు వేయి బారులకు మించిన ఒత్తిడిలో నుండును. వెలికి చిమ్మిన సన్నని ధార చర్మమును చీల్చి లోనికి పోగలదు. మీ కారు విషయమున ఎవరైనను ఈ పనికి పూనుకొన్నచో మొగమాటము విడిచి వారింపుడు.

నీలి పొగ వచ్చి, నూనె మట్టము తరుగుచున్నచో అప్పుడు టర్బోను అనుమానింపవచ్చును. ఆ నూనెనే ఇంధనముగా మ్రింగి ఇంజను తాళము తీసినను ఆగక పరుగెత్తుట కలదు. గేర్లున్న బండిలో బ్రేకు గట్టిగా అదిమి, పై గేరు వేసి, క్లచ్చు వదలి దానిని బలవంతముగా ఆర్పవలెను. ఇట్టిది అరుదే.

టర్బో మార్చవలెనని చెప్పినచో, మార్చుటకు ముందు గొట్టము విప్పి మీ యెదుటనే చూపుమని అడుగుడు. ఇరుసు ప్రక్కలకు స్వల్పముగా కదలుట సహజము. ముందు వెనుకలకు కదలినను, రెక్కలు గోడకు రాచుకొన్న గుర్తులున్నను చెడినట్లే. చెడినదని తేలినను, నూనె ఎందుకు చాలలేదో తెలిసికొనకుండ కొత్తది బిగింపనీయవద్దు. నూనె తెచ్చు సన్నని గొట్టములో మడ్డి పేరుకొని యుండవచ్చును. ఆ గొట్టమును మార్చి, ఇంజను నూనెను, దాని ఫిల్టరును కొత్తవి వేయించి, అటుపిమ్మట కొండ యెక్కిన ప్రతిసారి ఆపుటకు ముందు ఒక నిమిషము ఇంజనును మెల్లగా తిరుగనిచ్చినచో ఆ కొత్త టర్బో చాలకాలము పనిచేయును.