హైబ్రిడ్ కారు మైలేజ్: ఈవీ లైట్ చూసి మురిసిపోకండి

ఈ రోజు ముందు నా పరువు నేనే తీసుకుని, ఆ తర్వాత టిప్స్ చెప్తాను.

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైర్ అయ్యారు. వచ్చిన డబ్బుల్లోంచి, నా మాట నమ్మి, పెట్రోల్ మోడల్ కంటే ఎక్కువ పెట్టి స్ట్రాంగ్ హైబ్రిడ్ కొన్నారు. "లీటరుకి 25 ఈజీగా వస్తుంది నాన్నా" అన్నది నేనే. ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ లెక్కేస్తే నా చేతిలో 18 వచ్చింది. నాన్న ఏమీ అనలేదు. బంకు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది.

నేను చేసిన తప్పేంటంటే, ఎల్బీ నగర్ నుంచి మణికొండ షూటింగ్‌కి వెళ్తూ, ఈవీ లైట్ ఆరిపోకూడదని బండిని నత్తలా పాకించేవాణ్ణి. ఇంజిన్ ఆన్ కాకపోతే పెట్రోల్ మిగిలినట్టే కదా అని. కాదు! ఈ కారుకి ఛార్జింగ్ ప్లగ్ ఉండదు. బ్యాటరీలో ఉన్న కరెంటు కూడా మనం కొట్టించిన పెట్రోల్ నుంచి వచ్చిందే. పైగా బ్యాటరీ చాలా చిన్నది. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లలో అయితే నిండా ఉన్నా ఒక్క యూనిట్ కరెంటు పట్టదు. అది తగ్గిపోగానే ఇంజిన్ లేచి బండినీ లాగాలి, బ్యాటరీనీ నింపాలి. పెట్రోల్‌ని కరెంటు చేసి, మళ్ళీ దాంతో మోటార్ తిప్పేలోపు దారిలో కొంత వృథా అవుతుంది.

తర్వాతి ట్యాంకు నాన్న నడిపారు, నేను పక్క సీట్లో. అదే రూటు. 23 వచ్చింది!

ఆయనకి హైబ్రిడ్ గురించి ఏమీ తెలీదు. కానీ డిపోలో ప్రతి డ్రైవర్‌కీ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది కదా, ఆ అలవాటు. సిగ్నల్ దూరంగా ఎర్రగా కనబడగానే కాలు తీసేస్తారు. "ఆగడానికి అంత పరుగెందుకురా?" అంటారు. ముందుగా, మెల్లగా బ్రేక్ తొక్కితే మోటారే జనరేటర్‌లా మారి బ్యాటరీ నింపుతుంది. చివర్లో గట్టిగా తొక్కితే బ్రేక్ ప్యాడ్లు పట్టేస్తాయి, ఆ శక్తంతా వేడిగా పోతుంది. బయల్దేరేటప్పుడు మాత్రం ఆయన భయపడరు. ఇంజిన్‌ని దాని పని చేయనిచ్చి, 50 రాగానే కాలు కాస్త వదులుతారు. అప్పుడు ఇంజిన్ ఆగి, మోటార్ ఆ స్పీడు నిలబెడుతుంది. ఈవీ లైట్ దానంతటదే వెలుగుతుంది.

ఆయన పాత అలవాటు ఒకటి మాత్రం మాన్పించాను. ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసేవారు. ఈ కార్లలో న్యూట్రల్‌లో బ్యాటరీ ఛార్జ్ అవదు, పైగా బండి మీద పట్టు తగ్గుతుంది. డీలో ఉంచి కాలు తీస్తే చాలు.

ఇంకో రెండు మాటలు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి టైర్లలో ఉంచండి. ఏసీ 18లో కాదు, 25లో పెట్టండి. సిగ్నల్ దగ్గర ఆగినా ఏసీ బ్యాటరీనే తాగుతుంది.

ఇప్పుడు మేమిద్దరం 24 దగ్గర ఉన్నాం. నేను చెప్పిన 25 ఇంకా బాకీ. నిన్న బిల్లు మాత్రం నాన్న మడవలేదు, నా చేతికిచ్చి "లెక్కెయ్" అన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సీటు బెల్టు మర్చిపోకండి. బై!