పెట్టెలో సముద్రము



సంక్రాంతి దగ్గర పడుచున్నది. బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో ఈపాటికి అటక మీది పెట్టెలు క్రిందికి దిగుచుండును. కొండపల్లి నుండి వచ్చిన ఏనుగు అంబారీ, తాటిచెట్టు నెక్కు గీతకాడు, ఏటికొప్పాక లక్కబొమ్మలు మెట్ల మీదికి చేరును. పిల్లలు ఆవాలు చల్లి పైరు మొలిపించి, అద్దపుముక్కతో చెరువు చేసి, ఒక పల్లెటూరిని నిలుపుదురు. పల్లెటూరు నిలిపినవారు కలరు, అడవిని నిలిపినవారు కలరు. సముద్రపుటడుగును ఒక పెట్టెలో నిలుపుట ఎట్లో, అదియు డబ్బు ఖర్చు లేకుండ ఎట్లో, ఈ పూట మనవి చేయదలచితిమి. రేడియోలో బొమ్మను చూపుటకు వీలులేదు గదా యందురు. మేము చెప్పబోవు సముద్రములో నీరు కూడ లేదు. కావున ఇబ్బంది యుండదు.

నీరు ఎందుకు లేదో ముందుగా చెప్పవలెను. నాలుగేండ్ల క్రిందట మేమొక సాహసము చేసితిమి. సాహసమనుట కంటె తెలివిమాలిన పని యనుట న్యాయము. సముద్రమన్న నీరుండవలెనని తలచి, గాజుపలకలను జిగురుతో అతికి తొట్టి కట్టి, నీరు పోసి, నాలుగు చుక్కల నీలిసిరా కలిపి, మట్టిచేపలకు రంగులు వేసి, భోగినాటి రాత్రి కొలువు పైమెట్టు మీద పెట్టితిమి. తెల్లవారులోపల చేపలు కరగి బురదయైనవి. తొట్టి మూలయొకటి విడిపోయి నీరంతయు క్రింది మెట్లమీదికి దిగెను.

ఆ మెట్ల మీద మా అమ్మగారి దశావతారములున్నవి. కాపురమునకు వచ్చునాడు పుట్టింటి నుండి తెచ్చుకొన్న కొండపల్లి సెట్టు. తెల్లపొణికి కర్ర తేలికయైనది, నీటిని పీల్చును. రంగులు ఒకదానిలోనికొకటి జారినవి. అన్నిటికంటె పైన నున్న మత్స్యావతారమునకు ముఖమే మిగులలేదు. అమ్మ ఆ పదింటిని నీడను ఆరబెట్టి, పాతచీర ముక్కలలో చుట్టి, పెట్టెలో పెట్టెను. మమ్ములను ఒక్క మాట యనలేదు. మరుసటి యేడు కొలువు మాట యెత్తగా, “మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి నాయనా, ఈ ఏడు వద్దులే” అనెను. మోకాళ్ల నొప్పి నిజమే. కాని ఆ నొప్పి అంతకు ముందు పదేండ్ల నుండియు ఉన్నదే. రెండేండ్లు మా యింట కొలువు లేదు.

పొడి సముద్రమును కట్టవలెనను పట్టుదల మాకు అట్లు కలిగెను.

ఇటువంటి దృశ్యమును డయోరమా యందురు. 1822లో పారిస్ నగరమున డగేర్ అను చిత్రకారుడు, తరువాత ఛాయాచిత్రణమునకు మూలపురుషులలో ఒకడైనవాడు, పెద్ద తెరలపై వెలుగును మార్చుచు చూపిన వినోదమునకు ఆ పేరు పెట్టిరి. తరువాత అది మ్యూజియముల గాజుపెట్టెలకు చెల్లెను. న్యూయార్కులోని ప్రకృతి చరిత్ర మ్యూజియములో బహామా దీవులలోని ఆండ్రోస్ పగడపు దిబ్బ నమూనా యున్నది. రెండంతస్తుల యెత్తు. 1935లో పూర్తియైనది. దానికై సుమారు 40 టన్నుల పగడమును సముద్రము నుండి పెకలించి తెచ్చిరి. బయటికి తీసిన పగడము ప్రాణము పోయి తెల్లబడును; దానికి మరల మనిషే రంగు వేయవలసివచ్చెను. అంత పగడమును తెచ్చియు చివరకు రంగునే నమ్ముకొనవలసినప్పుడు, మొదటి నుండియు రంగునే నమ్ముకొన్న పేదవానికి నష్టమేమి? పైగా మన దేశమున పగడములను, సముద్రపు గుఱ్ఱములను 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. సముద్రపు టొడ్డున ఎవరైన అమ్మజూపినను కొనరాదు.

మా మొదటి పొడి సముద్రము కూడ తప్పే. పెట్టె లోపల ముదురు నీలము పూసి, వెనుక గోడ వరకు రంగురంగుల కొమ్మలు నింపితిమి. ఆ దినములలో మత్స్యకారుల కార్యక్రమమున మాట్లాడుటకు జాలరిపేట నుండి ఒక వృద్ధుడు మా కేంద్రమునకు వచ్చెను. చిన్ననాటి నుండి వలలు రాళ్లకు చిక్కినప్పుడు మునిగి విడిపించినవాడు. రికార్డింగు ముగిసిన తరువాత మా పెట్టె ఫొటోను సెల్ ఫోనులో చూపితిమి. అతడు చాలసేపు చూచి, “బాగున్నాది బావూ, సినిమానాగున్నాది. గంగ అలగుండదు. అంత దూరం అగుపడదు. చెయ్యి చాపితే చెయ్యి అగుపడతాది. ఆపైన ఏదో ఉన్నాదని తెలుస్తాది గానీ ఏటో తెలీదు” అనెను.

ఇంటికి పోయి ఆ కొమ్మలన్నియు తీసివేసితిమి. సినిమాలలోని పగడపు తోటలు అండమానువి, లక్షద్వీపములవి, మన్నారు సింధుశాఖవి. మన తీరమున గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు ఒండ్రు కలిసిన నీరు. ఇసుక, రాయి, నాచు, ఆపైన మసక. ఆ మసకను కట్టగలిగితిమా, సముద్రము వచ్చినట్లే. అది కొనవలసిన వస్తువు కాదు. పాత దోమతెర యొకటి చాలును.

కిరాణా దుకాణములో దొరకిన అట్టపెట్టె మాది: వెడల్పు 24 అంగుళములు, ఎత్తు 18, లోతు 15. ఒక అంగుళమునకు ఆరంగుళములని కొలత పెట్టుకొంటిమి. మూడడుగుల వంజరము ఆరంగుళములైనది. రెండడుగుల తాబేలు నాలుగంగుళములైనది. కవ్వలు అంగుళమునకు మించవు. ముందుగా పెట్టె మూలలను చంపవలెను. సముద్రమునకు మూలలుండవు. పెద్ద డ్రాయింగు కాగితమును విల్లువలె వంచి, ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు వెనుకగా అతికింపవలెను. దానికి పైన లేత ఆకుపచ్చ, దిగినకొలది నీలము, అడుగున బూడిద కలసిన నీలము. రంగులు ఆరకముందే తడిగుడ్డతో ఒకదానిలోనికొకటి కలుపవలెను. గీత యెక్కడ కనబడినను అది గోడ యైపోవును.

తరువాత దోమతెర గుడ్డను పెట్టె వెడల్పునకు కత్తిరించి, వెనుక గోడకు ఐదంగుళముల ముందొకటి, మరి నాలుగంగుళముల ముందొకటి, బిగువుగా కట్టవలెను. చూచువారికి తెర కనబడదు. తెర వెనుకది మాత్రము దూరమైపోవును. చేపలను దారముతో వ్రేలాడదీయకుడు. గాలికి తిరుగును, దారము వెలుగులో మెరసి గుట్టు చెప్పును. చేపను తెరకే కుట్టివేయవలెను. వెనుక తెరకు కుట్టు చేపలు ముందువాటిలో సగముండవలెను, రంగు బూడిదయే కావలెను, కన్ను పొలుసు దిద్దరాదు. అన్నిటికి కన్నులు దిద్దవలెనని పిల్లలు పట్టుబట్టుదురు. అక్కడ మాత్రము మెత్తబడరాదు.

చేపలను కొండపల్లి పనివారు మక్కు అను ముద్దతోనే చేసితిమి: రంపపుపొట్టు, చింతగింజల పిండి. రాళ్లకు నలిపిన వార్తాపత్రిక, గంజి, పైన ఇసుక. ఇసుకను ముసలినుపేట గుడ్డలో జల్లించవలెను. లేనిచో మన కొలతలో ఒక్కొక్క రేణువు గులకరాయి యగును. బీరపీచు ముక్కలు స్పంజికలైనవి. శొంఠికొమ్ములు అచ్చముగ పగడపు కొమ్మలవలె నుండునని మాకు తెలిసినది గాని, మన తీరమునకు అవి వలదని మానితిమి. పైగా పురుగు పట్టును.

ఇక వెలుగు. నీటిలో దిగినకొలది వెలుగులోని రంగులు ఒక్కటొక్కటిగ హరించును. మొదట పోవునది ఎరుపు. తేటనీటిలో సైతము సుమారు 10 మీటర్ల లోతునకే ఎరుపు చాలవరకు మాయమగును. సముద్రపు నీలము కేవలము ఆకాశపు నీడ కాదని 1921లో ఓడ ప్రయాణమున పరీక్షించి చూపినవారు సి. వి. రామన్ గారు. వారు చిన్ననాట చదువుకొన్నది విశాఖపట్నములోనే. మా పెట్టెకు పైన నాలుగంగుళముల వెడల్పున ఒక చీలిక కోసి, నీలము, ఆకుపచ్చ సెల్లోఫేను కాగితములు పరచి, పైన చిన్న ఎల్.ఈ.డి. దీపము నుంచితిమి. వెనుకటి తీగబల్బైనచో అట్ట మాడును.

మా అమ్మాయి తానొక్కతెయే చేసిన చేపకు కుంకుమవంటి ఎరుపు పూసి, అన్నిటికంటె ముందు నిలిపెను. దీపము వెలిగింపగనే అది నల్లబడెను. “నా చేప చచ్చిపోయింది నాన్నా” అని కన్నీరు పెట్టుకొన్నది. చేప చావలేదు; సముద్రము చేయు పనినే ఆ కాగితములు చేసినవి. చేతికి టార్చి యిచ్చి ముందు నుండి వేయుమంటిమి. నల్లచేప భగ్గున ఎఱ్ఱనైనది. ఆ సాయంకాలము వీధిలోని పిల్లలందరు వరుసగా వచ్చి టార్చి వేసి చూచి పోయిరి. మునుగువారు లోతున దీపము పట్టుకొనిపోవుటకు ఇదియు ఒక కారణమే.

అలల వెలుగు కావలెనన్నచో, గీతలున్న ప్లాస్టిక్ నీళ్లసీసా ప్రక్కను కోసి, మరియొక చిన్న టార్చి క్రింద మెల్లగా త్రిప్పవలెను. ఇసుక మీద వెలుగు వలలు కదలును. పళ్లెములో నీరు పోసి కదిపినచో ఇంతకంటె బాగుండునని మాకు తెలియును. మా యింట ఆ మాట యెత్తుటకు ధైర్యము లేకపోయెను. పెట్టె ముందు అద్దము కూడ పెట్టలేదు. పెట్టదలచినవారు పైయంచును తమ వైపునకు కొంచెము వంచి నిలిపినచో, ఎదుటివారి ముఖములు అందులో కనబడవు. ఖర్చు మొత్తము 300 రూపాయలు దాటలేదు.

భోగికి ముందురోజు రాత్రి గదిలో దీపములార్పి అమ్మను పిలిచితిమి. కుర్చీ వేసికొని చాలసేపు చూచెను. “ఇందులో నీళ్లు లేవు గదా?” అనెను. లేవంటిమి. మా మాట నమ్మక చేయి లోపలికి చాపి, ఇసుకను తాకి, వ్రేళ్లు రెండును రాచి చూచుకొనెను.

తెల్లవారి లేచునప్పటికి అటక మీది పెట్టె హాలులో నున్నది. తొమ్మిది అవతారములు మెట్టుమీద వరుసగా నిలచినవి. పదవది అమ్మ చేతిలో నున్నది. దానిని రెండు తెరల నడుమ, ఎడమ ప్రక్క, రాతికి కొంచెము వెనుకగా నిలుపుమనెను. అక్కడ ముఖము లేని సంగతి తెలియదు. ఆకారము మాత్రము తెలియును. మా కొలత ప్రకారము, జగత్తంత పెరిగిన మత్స్యమూర్తి అక్కడ ఒక వంజరమంత యైనాడు. ఆ మాట మేము పైకి అనలేదు. నిలువు నిలుచుటకు సన్నని తీగ కావలసివచ్చినది. మా అమ్మాయి వంచి యిచ్చెను.