గ్రహణం చేసే పని కాదు
(ఉగాది ఉత్సవాల మహిళాసభలో చేసిన ప్రసంగం)



ఊరు విడిచి ముంబయి వచ్చి మూడు తరాలైనా, గ్రహణంనాడు కడుపుతో ఉన్న కోడలిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టటం మనం విడువలేదు. పెదవి చీలి పుట్టిన బిడ్డకు గ్రహణపు మొర్రి అని పేరే పెట్టాము. తల్లి ఆ వేళ కూర తరిగిందని నింద కూడా వేస్తాము. గర్భం తొలి వారాలలో రెండు వైపులనుంచి వచ్చి కలవవలసిన కండ కలవకపోతే ఏర్పడే చీలిక అది. సూర్యచంద్రులకు దానితో ప్రమేయం లేదు. శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు.

అంతకంటె కష్టమైనది వెన్ను లోపం. మెదడు, వెన్నుపాముగా మారవలసిన గొట్టం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకోవాలి. గర్భం నిలిచిందని తెలిసేసరికే చాలామందికి ఆ గడువు దాటిపోతుంది! మూసుకోకపోతే వెన్ను చీలికతోనో, పుర్రె పైభాగం లేకుండానో బిడ్డ పుడుతుంది. ఫోలిక్ ఆమ్లం చాలకపోవటం దీని ముఖ్య కారణాలలో ఒకటి. ఇటువంటి బిడ్డను కన్న తల్లులకు తరువాతి గర్భానికి ముందునుంచే ఆ మాత్ర ఇవ్వగా, లోపం మళ్ళీ రావటం 72 శాతం తగ్గినట్లు 1991లో వెల్లడైంది.

ఈ కథకు మొదలు మన ఊళ్ళోనే. ఇక్కడి బట్టల మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంలో వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మేనరికం మాటెత్తితే పెద్దలకు కోపం వస్తుంది. అయినా చెప్పక తప్పదు. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పెద్ద లోపంతో పుడతారు. మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళిలో అది ఇంచుమించు రెట్టింపు. సొంత మేనమామనే చేసుకుంటే రక్తం మరీ దగ్గర. ఇప్పటికే చేసుకున్నవారు బెంగపడనక్కరలేదు, ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. వైద్యురాలివద్ద మాత్రం దాచవద్దు.

ఇక స్కానింగు. అవయవాలను నిదానంగా చూసే పరీక్ష 18–20 వారాల మధ్య జరగాలి. అన్నీ కనబడతాయని కాదు, వెన్ను లోపాలు చాలావరకు కనబడతాయి. ఆడా మగా అని అడగటం మాత్రం 1994 చట్టం ప్రకారం నేరం. మనవాళ్ళలో కొందరు “ఏడో నెలలో పుట్టింటికి పంపుతాం కదా, అక్కడే చూపిస్తారులే” అంటారు. అప్పటికి ఆ పరీక్ష వేళ మించిపోతుంది. ఏమి చేయాలో నిదానంగా ఆలోచించుకునే వ్యవధి కూడా ఆ దంపతులకు మిగలదు.

బిడ్డ కావాలనుకున్నప్పటినుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా వాడాలి. లోపమున్న బిడ్డను ఇంతకుముందు కన్నవారికీ, మూర్ఛమందు వాడేవారికీ మోతాదు వేరు; అది వైద్యులే నిర్ణయించాలి. మూర్ఛమందును తమంతట తాము మానకూడదు.