స్టూడియో ఎవరిది?
పెళ్ళి ఫోటోల వృత్తిలో భార్యాభర్తలు: శ్రమ, పేరు, హక్కు

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ వ్యాపారాల్లో స్త్రీల శ్రమ గురించి మాట్లాడమని అడిగినప్పుడు చేనేత గురించో, కలంకారీ గురించో, పాడి గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద మన పత్రికల్లో చర్చ కొంత జరిగింది. ఇవాళ నేను ఎంచుకున్నది పెళ్ళి ఫోటోల వ్యాపారం, అందులోనూ భార్యాభర్తలు ఇద్దరూ కలిసి నడిపే స్టూడియో. ఇది మరీ చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. అయితే తిరుపతిలో కూర్చుని దీన్ని చిన్న విషయమనలేం. ఈ ప్రాంతానికి పెళ్ళి ఒక పెద్ద జీవనాధారం. నారాయణవనంలో దేవుడి పెళ్ళి జరిగిందనీ, ఆ తర్వాత ఆ దంపతులు శ్రీనివాసమంగాపురంలో ఉన్నారనీ జనం నమ్మకం. తిరుమలలో పాపవినాశనం దారిలో ఉన్న కల్యాణ వేదికలో 2016 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తోంది. కింద తిరుపతిలో, తిరుచానూరులో, చిత్తూరులో ఎన్నో కల్యాణ మండపాలున్నాయి. పురోహితులు, పూలవాళ్ళు, వంటవాళ్ళు, మేళగాళ్ళతో పాటు ఫోటోవాళ్ళు కూడా ఈ ముహూర్తాల మీదే బతుకుతున్నారు.

ఈ వృత్తిలోకి స్త్రీలు ఎలా వచ్చారో ముందు చూద్దాం. ఇది కొత్త సంగతి కాదు. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టించాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. పరాయి మగవాడి ముందు ముసుగు తీయని స్త్రీలను ఫోటో తీయాలంటే కెమెరా వెనక స్త్రీ ఉండాలన్నది వ్యాపార అవసరం. నూట ముప్పై ఏళ్ళ తర్వాత ఆ అవసరం రూపం మార్చుకుని మన మధ్యనే ఉంది. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు, గదిలో చీర సర్దేటప్పుడు, పెద్దమనిషి అయిన పిల్లకు ఫంక్షను చేసేటప్పుడు లోపలికి వెళ్ళగలిగేది ఆడమనిషే. స్టూడియో నడిపే భర్తకు ఆడ ఫోటోగ్రాఫరును జీతానికి పెట్టుకోవడం ఖర్చు. ఇంట్లో భార్య ఉంది. ఆమెకు కెమెరా పట్టుకోవడం నేర్పితే సరిపోతుంది.

ఇలా నేర్చుకున్న స్త్రీలు ఆ పనిని ప్రేమిస్తారు, రాణిస్తారు. రాత్రిపూట మండపానికి వెళ్ళడం, పదిమందితో మాట్లాడటం, నాలుగు డబ్బులు చూడటం, తన చేతిపనిని ఊరంతా మెచ్చుకోవడం చిన్న లాభాలేమీ కావు. ఒంటరిగా వెళ్తానంటే ఒప్పుకోని అత్తింటివాళ్ళు భర్త వెంట వెళ్తే అభ్యంతరం చెప్పరు. కాబట్టి దంపతుల వ్యాపారం స్త్రీకి కొన్ని తలుపులు తెరుస్తుందని మనం ఒప్పుకుని తీరాలి. లోపలికి వచ్చాక ఆమెకు అక్కడ ఏ హోదా దక్కుతోందన్నదే నా ప్రశ్న.

మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా సంగతి గుర్తు చేసుకుందాం. 1913లో పుట్టిన ఆమె ఫోటోగ్రఫీని మానెక్‌షా దగ్గర నేర్చుకుంది, ఆయన్నే పెళ్ళి చేసుకుంది. తొలిరోజుల్లో ఆమె తీసిన ఫోటోలు పత్రికల్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. తర్వాత సొంత పేరు సంపాదించుకుంది, 2011లో పద్మవిభూషణ్ అందుకుంది. భర్త ఆమెను అణచివేశాడని ఎవరూ అనలేదు. వాళ్ళది స్నేహపూర్వకమైన దాంపత్యమనే చెబుతారు. ఇందులో మనం గమనించాల్సింది అదే. భార్య పని భర్త పేరుతో చలామణి కావడానికి భర్త చెడ్డవాడు కానక్కర్లేదు. లోకం అలా అమర్చి ఉంది.

మన దగ్గర ఆ అమరిక ఎలా ఉంటుందో చూడండి. ఒక స్టూడియోను ఊహించుకుందాం. బోర్డు మీద పిల్లల పేరో దేవుడి పేరో ఉంటుంది, దాని కింద ‘ప్రొప్రైటరు’ అని భర్త పేరు. అడ్వాన్సు ఆయన చేతికిస్తారు. బ్యాంకు ఖాతా ఆయనది, కెమెరా బిల్లు ఆయన పేరు మీద ఉంటుంది. తాళి కట్టే క్షణం, తలంబ్రాలు, అంటే ఆల్బంకి ప్రాణమైన ఫోటోలు ఆయన తీస్తాడు. భార్య ఆడవాళ్ళ గదిలోని ఫోటోలు తీస్తుంది. తిరిగొచ్చాక మెమరీ కార్డులు కంప్యూటరులోకి ఎక్కించడం, వేల ఫోటోల్లోంచి పనికొచ్చేవి ఏరడం, రంగులు దిద్దడం, ఆల్బం పేజీలు కూర్చడం, “ఇంకా ఎప్పుడిస్తారు” అని ఫోను చేసేవాళ్ళకు సర్దిచెప్పడం ఎక్కువగా ఆమె మీద పడతాయి. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు అయిపోయి ఆషాఢం వచ్చేసరికి ఆయన పని తగ్గుతుంది. ఆల్బంల పని అప్పుడు మొదలవుతుంది కనుక ఆమె పని తగ్గదు. సహాయకులుగా వచ్చే కుర్రవాళ్ళు ఆయన్ని ‘అన్నా’ అంటారు, ఆమెను ‘వదినా’ అంటారు. ఆప్యాయంగా పిలిచే ఆ పిలుపులోనే అసలు విషయం ఉంది. ఆ స్టూడియోలో ఆమె స్థానం ఆమె పనిని బట్టి రాలేదు, పెళ్ళిని బట్టి వచ్చింది.

దీనికి ఇంటిపని కలపండి. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతంలేని ఆ పనులకు వెచ్చించారు. పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఇవి 289, 88 నిమిషాలుగా తేలాయి. ఐదేళ్ళలో స్త్రీకి తగ్గింది పది నిమిషాలు, పురుషుడికీ దాదాపు అంతే తగ్గింది. ముహూర్తం తెల్లవారుజామున ఉన్నరోజున కూడా పిల్లలకు అన్నం వండి పెట్టి కెమెరా సంచి భుజాన వేసుకునేది ఆమే. ఇక ప్రభుత్వం జరిపే శ్రామిక సర్వేల్లో ‘కుటుంబ సంస్థల్లో సహాయకులు’ అనే ఒక వర్గం ఉంది, అంటే వేతనం లేకుండా ఇంటి వ్యాపారంలో పనిచేసేవాళ్ళు. ఇటీవలి సర్వేల్లో దేశంలోని శ్రామిక స్త్రీలలో మూడింట ఒక వంతుకు మించి ఈ వర్గంలోనే ఉన్నారు. మన స్టూడియో వదిన కూడా అందులో ఒకతె.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్ళు ఒకే స్టూడియోలో కలిసి పనిచేసిన భార్యను ‘భాగస్వామి’ అని మనం సహజంగానే అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 5వ సెక్షన్ ప్రకారం భాగస్వామ్యం ఒప్పందం వల్ల ఏర్పడుతుంది, హోదా వల్ల ఏర్పడదు. భార్య అయినంత మాత్రాన ఆమె వ్యాపార భాగస్వామి కాదు. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, కానీ అలాంటి ఒప్పందం ఉందని నిరూపించాల్సిన భారం ఆమె మీదే పడుతుంది. బోర్డు, బిల్లు, ఖాతా అన్నీ ఆయన పేరున ఉంటే ఏం చూపించి నిరూపిస్తుంది?

లెక్క వేసి చూద్దాం. స్టూడియో సామాను, రావలసిన బాకీలు కలిపి 8 లక్షలనుకోండి. హిందూ కుటుంబం. భర్త వీలునామా రాయకుండా చనిపోయాడు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా, అంటే భార్యకు 2 లక్షలు. ఆమే సగం భాగస్వామి అయి ఉంటే? 4 లక్షలు ముందే ఆమెవి. మిగతా 4 లక్షల్లో వారసురాలిగా ఇంకో లక్ష వస్తుంది. మొత్తం 5 లక్షలు. ముస్లిం కుటుంబమైతే పిల్లలున్న భార్యకు వచ్చేది ఎనిమిదో వంతు, అంటే లక్ష. భాగస్వామి అయి ఉంటే నాలుగున్నర లక్షలు. భర్త ఆస్తంతా అన్న పేరునో తమ్ముడి పేరునో వీలునామా రాస్తే హిందూ భార్యకు ఆ వ్యాపారంలో ఏమీ మిగలకపోవచ్చు. ఒక కాగితం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఇది.

విడిపోతే పరిస్థితి ఇంకా కష్టం. కలిసి సంపాదించిన ఆస్తిని పంచే చట్టం గోవా వంటి కొద్ది చోట్ల తప్ప మన దేశంలో లేదు. భార్య భరణం అడగగలదు, వ్యాపారంలో వాటా అడగలేదు. ఒకటి ఆశ కలిగిస్తోంది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భార్య ఇంటిపని చేయడం వల్లే భర్త సంపాదించగలిగాడు కనుక అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రంలోని కోర్టులను కట్టడి చేయదు కానీ, మన వకీళ్ళు వాదనలో ఎత్తిచూపడానికి పనికొస్తుంది.

కెమెరా కొనడానికి డబ్బెక్కడిది? చాలాసార్లు అది భార్య నగలు కుదువ పెట్టి తెచ్చినదై ఉంటుంది. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. కష్టకాలంలో భర్త దాన్ని వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదేనని 2024లో మళ్ళీ స్పష్టం చేసింది. నగలు కుదువ పెట్టిన రశీదు, కెమెరా కొన్న బిల్లు ఒకేచోట దాచిపెట్టుకోమని మనం స్త్రీలకు చెప్పాలి. రేపు ఆ కెమెరా ఎవరి డబ్బుతో వచ్చిందో చెప్పడానికి ఆ రెండు కాగితాలే సాక్ష్యం.

ఫోటో మీద పేరు సంగతి కూడా చట్టంలో ఉంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తే. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు తీయించుకున్నవారే. అయినా 57వ సెక్షన్ కింద ‘ఇది నేను తీశాను’ అని చెప్పుకునే హక్కు తీసినవారికి మిగిలే ఉంటుంది. బోర్డు ఎవరిదైనా సరే, ఆడవాళ్ళ గదిలో ఆ ఫోటో తీసింది ఆమె అయితే దాని కర్త ఆమే.

పన్ను చట్టం ఇంకో సంగతి చెబుతుంది. భర్త తన సంస్థ నుంచి భార్యకు జీతమిస్తే, ఆమెకు సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ జీతం ఆ పరిజ్ఞానానికే దక్కినదైతే తప్ప, దాన్ని భర్త ఆదాయంలోనే కలిపి లెక్కించే నియమం 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్‌లో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. పన్ను ఎగవేతను ఆపడానికి పెట్టిన నియమమే కావచ్చు. కానీ భర్త దగ్గరే పని నేర్చుకుని సర్టిఫికెట్టు లేని స్త్రీ, జీతం తీసుకున్నా సంపాదనపరురాలిగా నిలబడటం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మొగుడూ పెళ్ళాల మధ్య కాగితాలేమిటి, నమ్మకం లేదా అని. పెళ్ళివాళ్ళతో ఎన్ని ఫోటోలు, ఎన్ని పేజీలు, ఎంత అడ్వాన్సు అని కాగితం మీద రాయించుకునే దంపతులే తమ మధ్య కాగితం అవమానమనుకుంటారు. అన్నదమ్ములు కలిసి కొట్టు పెడితే పెద్దలే ముందుండి పత్రం రాయిస్తారు. దాన్ని అపనమ్మకమని ఎవరూ అనరు.

రెండో సంగతి మనం దాచకూడదు. భాగస్వామి అయితే లాభంతోపాటు అప్పులూ పంచుకోవాలి. ఫర్ము బాకీలకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యురాలే. భర్త ఆమెకు చెప్పకుండా వ్యాపారం పేరుతో అప్పు తెస్తే ఆమె సొంత ఆస్తి కూడా చిక్కుల్లో పడవచ్చు. అందుకే సంతకం చేసేముందు ఖాతా పుస్తకాలు చూసే అలవాటు ఆమెకు ఉండాలి. ఇంకో మోసం కూడా ఉంది. మహిళల పేరిట రుణం సులభంగా దొరుకుతుందని భార్య పేరు కాగితం మీద పెట్టి, వ్యాపారం, డబ్బు అన్నీ భర్తే చూసుకోవడం. ఇక్కడ పేరు ఆమెది, అప్పు ఆమెది, అధికారం ఆయనది. ఈ రెండు మోసాలనూ మన సంఘాలు ఒకే కంటితో చూడాలి.

మరి మనం ఏం చేయాలి? 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా ఏర్పరిచాక ఆఫీసులు ఎక్కడున్నాయో తెలియక తిరిగే స్త్రీలు ఉంటారు. పొదుపు సంఘాల సమావేశాల్లో, ఇంటి వ్యాపారంలో పనిచేసే ప్రతి స్త్రీనీ నాలుగు ప్రశ్నలు అడుగుదాం. బోర్డు మీద నీ పేరుందా? బ్యాంకు ఖాతాలో నీ సంతకం చెల్లుతుందా? సామాను బిల్లులు ఎవరి పేరున ఉన్నాయి? నీ నగలు ఎంత పెట్టారు, ఆ రశీదేది? జవాబులను బట్టి సాయం చేద్దాం. కావాలన్నవారికి వకీలుతో భాగస్వామ్య పత్రం రాయిద్దాం. అందులో వాటా ఎంతో, అప్పు తేవాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలనీ రాయించాలి. వాటా రాయకపోతే చట్టం సమానంగా లెక్కిస్తుంది. పత్రాన్ని ఫర్ముల రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. నమోదు కాని ఫర్ము బాకీ ఎగ్గొట్టిన పార్టీ మీద కోర్టుకు వెళ్ళలేదు. ఆల్బం తీసుకుని మిగతా డబ్బు ఇవ్వనివాళ్ళతో విసిగిపోయిన భర్తలకు ఈ ఒక్క కారణం చెప్పినా కొందరు ఒప్పుకుంటారు.

పత్రం రాసుకున్నంత మాత్రాన ఇంట్లో అన్నం ఎవరు వండాలన్నది మారిపోదు. ఆ పోరాటం వేరే ఉంది, అది ఇంకా చాలాకాలం సాగుతుంది. అది గెలిచేదాకా స్టూడియోలో ఆమె వాటాను వాయిదా వేయాల్సిన పని మాత్రం లేదు. వచ్చే ముహూర్తాల్లోపు మీ మండలాల్లో అలాంటి పది దుకాణాలకు వెళ్ళి ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాసుకుని రండి. తర్వాతి సమావేశంలో వాటితోనే చర్చ మొదలుపెడదాం.