వెండితెర మీద మన వయసు

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాల్లో వృద్ధాప్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను సర్వీసంతా లెక్కలు చూసినవాణ్ణే కాని సినిమా పండితుణ్ణి కాను. భోజనాల వేళ దగ్గర పడిందనీ తెలుసు. అందుచేత కొద్ది సినిమాలే ఎత్తుకుంటాను. వాటిలోనూ ఒకదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించాలి.

ముసలివాళ్ళ సినిమా అనగానే మన తరానికి గుర్తొచ్చేది 1972 నాటి 'బడిపంతులు'. రామారావుగారు, అంజలీదేవిగారు. పంతులుగారు రిటైరయ్యాక కొడుకులు తల్లినొకరు, తండ్రినొకరు పంచుకుంటారు. దీనికి మూలం 1958లో కన్నడంలో వచ్చిన 'స్కూల్ మాస్టర్'. ఇంకా వెనక్కి వెళితే 1937లోనే అమెరికాలో లియో మెక్‌కారీ అనే ఆయన 'మేక్ వే ఫర్ టుమారో' అని ఇలాంటి కథే తీశాడు. ఇల్లు బ్యాంకు పాలవుతుంది. ఐదుగురు సంతానం ఉండి కూడా ఇద్దర్నీ కలిపి ఉంచుకునేవాళ్ళు ఒక్కరూ దొరకరు. తల్లి కొడుకింటికి, తండ్రి కూతురింటికి. చివరికి స్టేషన్లో ముసలాయన రైలెక్కుతాడు, ముసలామె ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతుంది. ఆ దేశంలో సామాజిక భద్రతా చట్టం 1935లో వచ్చినా నెలనెలా పింఛను ఇవ్వడం 1940 జనవరిలో గాని మొదలు కాలేదు. ఆ ముసలాయన చేతిలో పింఛను పుస్తకం ఉండి ఉంటే కథ కొంత వేరుగా నడిచేదేమోనని లెక్కల మనిషిగా నా అనుమానం.

ఇలాంటివి చూసి హాల్లో కళ్ళు తుడుచుకుంటాం, బయటికొచ్చి పిల్లల్ని తిట్టుకుంటాం. నేనూ తిట్టాను. మా అబ్బాయీ కోడలూ రెండో వరసలో కూర్చున్నారు గనుక ఇప్పుడు ఆ విషయం పొడిగించను.

పిల్లలు దూరాన ఉంటే ఏడుస్తూ కూర్చోనక్కర్లేదని చూపించిన సినిమా మన తెలుగులోనే ఉంది. శ్రీరమణగారి కథ ఆధారంగా తనికెళ్ళ భరణిగారు 2012లో తీసిన 'మిథునం'. బాలసుబ్రహ్మణ్యంగారు, లక్ష్మిగారు, అంతే. తెరమీద మూడో మనిషి లేడు. ఇద్దరూ వండుకోవడం, తినడం, పోట్లాడుకోవడం. అది చూసి మా ఆవిడ గోంగూర మళ్ళు వేయించింది. తవ్వింది మాత్రం నేనే.

జపాను దర్శకుడు కురొసావా 1952లో తీసిన 'ఇకిరు' మనలాంటి సెక్షన్ మనుషుల కథ. ముప్ఫయ్యేళ్ళు కాగితాల మీద ముద్ర గుద్దిన అధికారి, కడుపులో క్యాన్సరని తెలిశాక, పేటలోని ఆడవాళ్ళు ఎన్నాళ్ళుగానో తిరుగుతున్న ఒక అర్జీని పట్టుకొని మురుగుగుంట ఉన్నచోట పిల్లలకు పార్కు కట్టిస్తాడు. ఆ ఆడవాళ్ళను ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి తిప్పే దృశ్యం చూస్తుంటే నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక నేను ఆగుతానన్న సినిమా. అదీ 1952లోదే, ఇటలీది. పేరు 'ఉంబెర్తో డి'. తీసినవాడు విట్టోరియో డి సీకా. దాన్ని తన తండ్రికి అంకితమిచ్చాడు. మొదటి దృశ్యమే పింఛనుదారుల ఊరేగింపు! పింఛను పెంచమని ముసలివాళ్ళు అట్టలు పట్టుకొని నడుస్తుంటారు. అనుమతి లేదని పోలీసులు జీపులతో చెదరగొడతారు. పింఛను యజమాని దయాభిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని మన సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది 1982 డిసెంబరు 17న. ఇవాళ మనమిక్కడ కూర్చున్నది అందుకే. ఆ తీర్పుకి ముప్ఫయ్యేళ్ళ ముందు రోములో వాళ్ళు పరుగెత్తుతున్నారు. మన ధర్నాల్లో మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నవాళ్ళంతా నాకు గుర్తొచ్చారు.

కథానాయకుడు రిటైరైన ప్రభుత్వోద్యోగి. ఆ వేషం వేసింది నటుడు కాదు, కార్లో బత్తిస్తి అనే భాషాశాస్త్ర ఆచార్యుడు. ఆయనకు ఒక అద్దె గది, ఒక కుక్క. పిల్లలు లేరు, కనుక తిట్టడానికీ ఎవరూ లేరు. అద్దె బాకీ పడితే వాచీ అమ్ముతాడు, పుస్తకాలు అమ్ముతాడు. ఇంకేమీ మిగలక, ఒకనాడు వీధిలో నిలబడి మెల్లగా అరచేయి చాపుతాడు. దారిన పోయే మనిషి ఆగి డబ్బు ఇవ్వబోతాడు. సరిగ్గా అప్పుడు ముసలాయన టక్కున చేయి బోర్లిస్తాడు. వాన చినుకులు పడుతున్నాయేమోనని చూస్తున్నవాడిలాగా.

ఇటలీ పరువు తీశాడని అప్పటి ప్రభుత్వంలో ఉన్న ఆంద్రెయొత్తి డి సీకాను పత్రికాముఖంగా మందలించాడు. తర్వాత ప్రధానమంత్రి అయినాయన ఆయనే. సినిమా కూడా ఆడలేదు. మా మనవడు టీవీలో పెట్టి, కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేట్టు చేస్తే చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం చెబుతాను. నాతో ఒకే సెక్షన్లో ఇరవయ్యేళ్ళు పనిచేసిన మిత్రుడొకరున్నారు. రోజూ పేపరు చదివి సంపాదకీయం నాకు అప్పజెప్పేవాడు. నిరుడు పేపరు మానేశాడు. కళ్ళు ఆనడం లేదన్నాడు. శుక్లాలేమో చూపించుకోమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మన సమావేశాలకూ రావడం మానేశాడు. మోకాళ్ళన్నాడు.

సినిమా చూసిన మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెమ్మ కాఫీ ఇచ్చింది. బల్ల మీద మందుల చీటీ ఉంది, చీమల్లాంటి అక్షరాలు. "ఇదేమిటోయ్, నాకు అంతు పట్టడం లేదు" అని అతని చేతికిచ్చాను. కళ్ళద్దాలు సర్దుకొని గడగడా చదివేశాడు. చదివాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చెల్లెమ్మ మందులకే పింఛనులో సగం పోతున్నది. పేపరు బిల్లు అందుకు తగ్గించాడు. సమావేశాలకు రాకపోవడానికి మోకాళ్ళు కారణం కాదు. మనకు రెండేళ్ళ చందా బాకీ. మనం ప్రతి సమావేశంలో బాకీదారుల జాబితా మైకులో చదువుతాం కదా! కోశాధికారిగా మూడేళ్ళపాటు ఆ జాబితా చదివింది నేనే. గొంతు బాగుందని మీరంతా మెచ్చుకున్నారు కూడా.

ఇక మీదట ఆ జాబితా పైకి చదవకూడదని పోయిన నెల కార్యవర్గం తీర్మానించింది. ఇవ్వలేనివారు కార్యదర్శిగారికి ఒక్కమాట చెబితే చాలు, కారణం అడగరు. తీర్మానం ప్రతిపాదించినవాణ్ణి నేనే గనుక ఇంతకన్నా చెప్పను.

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆ మిత్రుడి అనుమతి అడిగాను. "నా పేరు వద్దు, నీ పేరు మాత్రం చెప్పు" అన్నాడు. చెప్పాను. ఇప్పుడు మా ఇంటి పేపరు పది గంటలకల్లా అతనింటికి వెళుతుంది. సాయంత్రానికి తిరిగొస్తుంది, పదకేళి గళ్ళన్నీ నింపేసి.