మల్లు స్వరాజ్యం గారి గురించి నాలుగు మాటలు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



జమాఖర్చులు ఇప్పుడే విన్నారు, మేము మళ్ళీ లెక్కలు చెప్పం. పంచాయతీ ఎన్నికల ముచ్చట వస్తే చాలు, ఊళ్ళల్ల ఒక మాట వినబడుతది: "సీటు ఆడోళ్లకు వచ్చిందట, ఎవరి భార్యను నిలబెడతరు?" ఎవరు నిలబడతరు అని అడిగేటోళ్లు లేరు. ఆ మాట విన్నప్పుడల్లా మాకు స్వరాజ్యమక్క యాదికొస్తది.

ఆమెది సూర్యాపేట దిక్కు కరివిరాల కొత్తగూడెం. 1931లో భూస్వాముల ఇంట్ల పుట్టింది. వెట్టి చాకిరి వద్దని ఆంధ్ర మహాసభ పిలుపునిస్తే, ఇంకా చిన్నపిల్లగా ఉండంగనే తమ ఇంటి గింజలు కూలోళ్లకు పంచింది. తర్వాత సాయుధ పోరాటంలోకి పోయింది. ఆమెను పట్టిస్తే పది వేల రూపాయలు ఇస్తమని సర్కారు ప్రకటించింది. ఆ రోజుల్లో పది వేలంటే ఎంతో మీరే ఆలోచించండి! ఊరూరా ఉయ్యాల పాటలు పాడి ఆడవాళ్ళను కూడగట్టేది. ఉపన్యాసం అర్థం కానోళ్లకు పాట అర్థమయ్యేది.

పోరాటం 1951లో ఆగింది. అసెంబ్లీకి పోయింది 1978లో, తుంగతుర్తి నుంచి, సీపీఎం తరఫున. నడుమ 27 ఏండ్లు! 1983లో అక్కడి జనం మళ్ళీ గెలిపించారు. అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి, భర్త మల్లు వెంకట నర్సింహారెడ్డి ఇద్దరూ పేరున్న నాయకులే, అందుకే తోవ దొరికిందని ఎవరన్నా అనవచ్చు. కొంత నిజమే. కానీ ఆమె పక్కన ఇంకొకరు నిలబడి ఆమె మాట చెప్పలేదు. తన కథ చెప్పిన పుస్తకానికి పేరే 'నా మాటే తుపాకీ తూటా'.

పదవి పోయినంక ఇంట్ల కూసోలేదు. 1990ల్లో సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్ళతో నడిచింది. 1993లో సారా బంద్ అయింది. నెల్లూరు జిల్లాలో సారా మాన్పించిన ఆడవాళ్ళే రోజుకు రూపాయి చొప్పున దాచుకున్నారు. మన పొదుపు పుస్తకానికి ఆ పోరాటంతో చుట్టరికం ఉన్నదన్నట్టు. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసింది. దేహాన్ని కూడా వైద్య కళాశాలకు ఇచ్చారు.

ఇప్పుడు మన సంగతి. మన సంఘం సభ్యురాలే, ఒక ఊళ్ళె వార్డు మెంబర్. "మీటింగుకు మా ఆయన పోతడు, పుస్తకం ఇంటికొస్తే నేను సంతకం పెడత" అని మాతో నవ్వుకుంట చెప్పింది. మేము నవ్వలేకపోయినం. బ్యాంకు మేనేజర్ ముందు లింకేజీ అప్పు గురించి గట్టిగ మాట్లాడే మనిషే ఆమె. గ్రామసభకు పోనీకి ఏమడ్డం వచ్చింది? తప్పు ఆమెదొక్కటే కాదు. మనలో ఒక్కరన్నా ఆమె వెంట పోయినమా?

అందుకే పాలకవర్గం ఒక తీర్మానం రాసింది. వచ్చే గ్రామసభకు ప్రతి గ్రామ సంఘం నుంచి అయిదుగురం పోవాలె, మన మహిళా మెంబర్ పక్కనే కూసోవాలె. నల్లా నీళ్ళో, వీధి దీపమో, అడిగేది ముందే సంఘంలో అనుకోవాలె. మాట్లాడేది మాత్రం ఆమెనే. చాయ్ తాగి వచ్చినంక ఊరి వారీగా పేర్లు రాసుకుందాం.